చుక్క పెట్టాలా, వద్దా?

ఆ రోజుల్లో, అంటే నా చేతికి పీఆర్, అదే శాశ్వత నివాస హోదా, రాకముందు, కెనడాలో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది చలి కాదు. చలికి కోటుంది, టోపీ ఉంది, అవేవీ ఆపలేకపోతే బస్టాపులో నిలబడి మనసారా తిట్టుకునే సౌకర్యం ఉంది. నా భయమల్లా సీనియర్ల అభిప్రాయాలంటేనే. ఒక సీనియర్‌కి ఒక అభిప్రాయం ఉంటే ఎలాగోలా నెట్టుకురావచ్చు. ఇద్దరు సీనియర్లకి రెండు అభిప్రాయాలుండి, ఇద్దరూ తెలుగువాళ్ళై, మన బతుకు ముందుకు కదలాలంటే ఆ ఇద్దరి ఆమోదమూ కావాల్సి వస్తే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. నేను పడ్డాను, అదీ హాలిఫాక్స్‌లో, ఒక చుక్క కోసం.

చదువయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. లాయర్ల ఆఫీసుల్లో పత్రాలు రాసుకోవడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ. అందులో తెలుగువాళ్ళం ముగ్గురం. ఒకాయన నెల్లూరు నుంచి న్యూజెర్సీ వెళ్ళి, అక్కడ గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి నిలబడి విసుగొచ్చి ఇటు వచ్చేసినాయన. ప్రతి మాటా "మేం జెర్సీలో ఉన్నప్పుడు" అని మొదలుపెడతాడు కాబట్టి ఆయన జెర్సీ అన్న. (జెర్సీలో ఉన్నన్నాళ్ళూ "మా నెల్లూరులో అయితే" అనేవాడని వాళ్ళావిడ చెప్పింది.) రెండో ఆవిడ వరంగల్ అక్క. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే మనిషి. మా అందరి మీదా మేనేజరు ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన సౌమ్యుడు. ఎవరైనా గొంతు పెంచితే చాలు, "దీన్ని ప్రస్తుతానికి పార్క్ చేద్దాం" అని విషయాన్ని పక్కన పెట్టేసేవాడు. అందుకని మాలో మేం ఆయన్ని పార్కింగ్ గారు అనుకునేవాళ్ళం. డౌన్‌టౌన్‌లో కార్లకి దొరకని పార్కింగ్ మా మీటింగుల్లో మాత్రం పుష్కలంగా దొరికేది.

ఇక చుక్క సంగతి. ఒక లాయరుగారు మా సాఫ్ట్‌వేర్‌లో ఒక పత్రం తెరుస్తారు. ఏదో ఆలోచిస్తూ ఒక అక్షరం కొడతారు, వద్దనుకుని వెంటనే చెరిపేస్తారు. ఇప్పుడు ఆ పత్రం పొల్లు పోకుండా మునుపటిలాగే ఉంది. పత్రంలో ఏదైనా మార్చి ఇంకా సేవ్ చేయకపోతే దాని పేరు పక్కన మేం చిన్న నల్ల చుక్క పెట్టేవాళ్ళం, మూసేటప్పుడు "మార్పులు సేవ్ చేయాలా?" అని అడిగేవాళ్ళం. మరి కొట్టి చెరిపేసిన ఈ లాయరుగారి పత్రానికి చుక్క పెట్టాలా, వద్దా? అంతే సమస్య. మామూలు మనుషులైతే టీ చల్లారేలోపు తేల్చేసి ఎవరి పనికి వాళ్ళు పోతారు. మా ఆఫీసులో ఇది వారాల తరబడి నడిచింది, నడిచినకొద్దీ ముదిరింది.

అసలు మీటింగులు ఇంగ్లీషులో జరిగేవి కాబట్టి అక్కడ అందరూ మర్యాదగా ఉండేవారు. యుద్ధమంతా మధ్యాహ్నం ప్యాంట్రీలో, మైక్రోవేవ్ ముందు, తెలుగులో జరిగేది.

"మారలేదు గదా పాపా," అనేవాడు జెర్సీ అన్న, పెరుగన్నం కలుపుకుంటూ. "కొట్టినావు, తీసేసినావు. ముందేముండిందో ఇప్పుడూ అదే ఉంది. మారనిదాన్ని పట్టుకోని మారిందని చుక్క పెడితే అబద్ధం చెప్పినట్టు గాదా? మేం జెర్సీలో ఉన్నప్పుడు ఇట్టాంటివి రానిచ్చేవాళ్ళమే కాదు."

"తాకినవా లేదా, అది చెప్పు ముందు," అనేది అక్క. "తాకినంక ఏం మారింది, ఏం మారలేదు అని మళ్ల పంచాయితేంది? మా అత్తమ్మ మడి కట్టుకున్నప్పుడు నా కొంగు తగిలితే చాలు, ఆమెకు మళ్ల స్నానమే. ఏం మారింది అత్తమ్మా అని నేనెప్పుడన్న అడిగిన్నా?"

"అడగాల్సింది."

"నువ్వు మా అత్తమ్మను చూడలేదు, అందుకే అంటున్నవ్."

(ఆ అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నప్పుడు, డ్రయ్యర్‌లో ఆరిన బట్ట మడికి పనికొస్తుందా రాదా అన్న చర్చ వాళ్ళింట్లో ఆవిడ తిరిగి వెళ్ళేదాకా సాగిందట. అయితే అదే అత్తగారు నేరుగా వచ్చి అక్క వండుతున్న కూరలో గరిటె పెట్టి తిప్పినా కూరకి ఏమీ అయ్యేది కాదట. ఎవరు తాకారన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది మరి. అక్క ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది గానీ, చెబుతూ డబ్బా మూత మాత్రం అవసరానికి మించి గట్టిగా నొక్కింది.)

వాళ్ళిద్దరికీ అది సిద్ధాంతం. నాకు మాత్రం అన్నం. ఎందుకంటే ఆ చుక్క పని అప్పగించింది నాకే. నెలాఖరుకి నా ప్రొబేషన్ ముగుస్తుంది. ఈ పని పూర్తిచేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామనీ, పీఆర్‌కి దారి వేసే ప్రావిన్స్ నామినేషన్‌కి కంపెనీ తరఫున సపోర్ట్ చేస్తామనీ పార్కింగ్ గారు చెప్పారు. చేయకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నాకు తెలుసు కాబట్టి. నా వర్క్ పర్మిట్ అప్పటికే గడువు దగ్గరపడి వగరుస్తోంది. ఇంకో కంపెనీ వెతుక్కునే వ్యవధి లేదు. మా ఆఫీసులో పద్ధతేమిటంటే, ఎవరు రాసిన కోడ్ అయినా ఇద్దరు సీనియర్లు చదివి అప్రూవ్ చేస్తేనే ముందుకు పోతుంది. మా టీములో సీనియర్లు ఇద్దరే. ఆ ఇద్దరూ వీళ్ళే.

మొదట చుక్క పెట్టి పంపాను. అక్క వెంటనే మెచ్చుకుంది. జెర్సీ అన్న నేను రాసిన కోడ్ కంటే పొడుగైన కామెంట్ పెట్టాడు. సరేనని చుక్క తీసేసి పంపాను. అన్న "దిస్ ఈజ్ ద వే" అన్నాడు. అక్క నా కుర్చీ దగ్గరికొచ్చి నిలబడి, "నువ్వు కూడా గట్లనే అనుకుంటున్నవా చెల్లే?" అంది. ఆ 'కూడా' విన్నాక నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఇద్దరినీ మెప్పిద్దామని సెట్టింగ్స్‌లో ఒక మీట పెట్టాను. కావలసినవాళ్ళు చుక్క ఆన్ చేసుకుంటారు, అక్కర్లేనివాళ్ళు ఊరుకుంటారు. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకుని, ఆ సాయంత్రం ఇంటికెళ్ళే ఫెర్రీ పడవ దిగి దారిలో ఒక డోనట్ కూడా కొనుక్కున్నాను. మర్నాడు పొద్దున చూస్తే, మీట మొదట్లో ఆన్‌లో ఉండాలా ఆఫ్‌లో ఉండాలా అని కొత్త గొడవ మొదలై ఉంది. ఆఫ్‌లో ఉంటే ఒప్పుకోనని అక్క. అసలు అబద్ధం చెప్పడానికి మీట ఎందుకని అన్న. పార్కింగ్ గారు యథాప్రకారం పార్క్ చేశారు. సోమవారం మాట్లాడుకుందామన్నారు. నా గడువు అంతకుముందు శుక్రవారం, ఆ నెలాఖరు.

ఈ లోపల నేను చేయని రాయబారం లేదు. అన్నకి గోంగూర పచ్చడి పట్టుకెళ్ళాను. ఆయన తిని, "గోంగూర బాగుంది పాపా, కోడ్ బాలేదు" అన్నాడు. అక్క దగ్గర కూర్చుని వాళ్ళత్తగారి కథలన్నీ విన్నాను, మధ్యలో కళ్ళు తుడుచుకున్నాను కూడా. ఆవిడ నా భుజం తట్టి, "మంచిదానివే గానీ, నీ మీట ఆన్‌లో ఉండాలె" అంది. పది లక్షలు ఖర్చుపెట్టి, సముద్రాలు దాటి, మంచులో జారిపడి లేచి నేను చదివింది దీనికోసమా అని ఆ రోజుల్లో చాలాసార్లు అనిపించింది. ఏడుపొచ్చేది. వాళ్ళ మీద కోపమూ వచ్చేది. ఇద్దరూ పీఆర్ వచ్చి స్థిరపడ్డవాళ్ళు. చుక్క ఎటు పోయినా వాళ్ళ ఇళ్ళు ఎక్కడికీ పోవు. ఓడిపోతే వాళ్ళకి పరువు పోతుంది, నాకు దేశం పోతుంది. ఈ తేడా వాళ్ళకి తట్టలేదు, చెప్పడానికి నాకు నోరు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తెగించాను. ఎవరేమన్నా సరేనని మీట తీసిపారేయడం మొదలుపెట్టాను. సగం తీశాక ఆగాను. తీస్తే ఎవరు కోప్పడతారో, ఉంచితే ఎవరు కోప్పడతారో లెక్క తేలక, తీసిందంతా మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేశాను. అంతా నిన్నటిలాగే ఉందని చూసుకుని మూసేయబోయాను. కంగారులో పంపే బటన్ నొక్కేశాను. మా కోడ్ చూసుకునే సైటుకి మా చర్చ సంగతి తెలియదు. తాకితే తాకినట్టే అనుకునే రకం అది. నిన్నటి కోడే మళ్ళీ వెళ్ళినా, "కొత్త మార్పులు వచ్చాయి, చూడండి" అని ఇద్దరికీ మెయిల్ కొట్టింది.

ఏమీ మార్చకుండా మళ్ళీ పంపానంటే ఎగతాళి చేస్తున్నాననుకుంటారు. క్షమించమని రాద్దామని కూర్చున్నాను. మాటలు కుదిరేలోపే అక్క అప్రూవ్ చేసింది. కింద "ఇప్పుడు మంచిగైంది" అని కామెంట్. నేను తెర వంక గుడ్లప్పగించి చూస్తుండగానే జెర్సీ అన్న కాఫీ కప్పుతో నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"చూసినావా పాపా. చెప్పిన మాట వింటే ఎంత క్లీన్‌గా వచ్చిందో."

"ఏం బాగుందన్నా?" అని అడిగాను. నిజంగానే తెలుసుకోవాలని అడిగాను.

"మొత్తంగా బాగుంది," అని ఆయన తన సీటుకి వెళ్ళి అప్రూవ్ నొక్కాడు. మారనిదాన్ని మారిందనడం అబద్ధమని వారాల పాటు వాదించిన మనిషి.

ఆ తర్వాత ప్రొబేషన్ మీటింగ్. చిన్న గదిలో పార్కింగ్ గారూ నేనూ. ఆయన ముఖం వెలిగిపోతోంది, సోమవారం మీటింగ్ తప్పిపోయినందుకు కాబోలు. "వాళ్ళిద్దరినీ ఒక మాట మీదికి తేవడం నావల్లే కాలేదు. నువ్వు ఏం మార్చావు?" అని అడిగారు. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. ఆ గదిలోంచి ఉద్యోగంతో బయటికి రావాలంటే కల్పించడమే మేలని కూడా అనిపించింది. కానీ ఏం కల్పించాలో తోచక ఉన్నమాట చెప్పేశాను. "ఏమీ మార్చలేదండీ. ఇంతకుముందు పంపిందే మళ్ళీ వెళ్ళింది."

ఆయన చిన్నగా నవ్వి, "మీవాళ్ళలో నాకు నచ్చేది ఇదే. గొప్ప మీ మీద వేసుకోరు," అన్నారు. నా గురించి ఆయన రాసిన దాంట్లో వినయం అన్న మాట ఉంది, సలహాలు వింటుంది అన్న మాట ఉంది, ఈ కొద్ది నెలల్లో ఎంతో మారింది అని కూడా ఉంది. మళ్ళీ చెబుదామని నోరు తెరిచాను గానీ, ఆయన అప్పటికే లేచి చెయ్యి చాపారు. ఆ చెయ్యి వదులుకునేంత సత్యవంతురాలిని కాను. నామినేషన్ వచ్చింది, తర్వాత పీఆర్ వచ్చింది. ఆ చుక్క పందెంలో గెలిచింది తామేనని అన్నా అక్కా ఇద్దరూ ఇప్పటికీ నమ్ముతున్నారు.

ఇప్పుడు నేనూ సీనియర్నే. నా కామెంట్లూ పొడుగ్గానే ఉంటాయి. (ఆఫీసులో జూనియర్లు నాకేం పేరు పెట్టుకున్నారో తెలుసుకునే ధైర్యం లేదు.) మొన్నామధ్య కొత్తగా చేరిన నిజామాబాద్ అమ్మాయి కోడ్ పంపితే, ఇది ఇలా కాదు అలా అని బోలెడు రాశాను. మర్నాడు మళ్ళీ పంపింది. "ఇప్పుడు బాగుంది" అని అప్రూవ్ నొక్కాను. కాసేపటికి నా దగ్గరికొచ్చి, చేతులు నలుపుకుంటూ, "అక్కా, సారీ. పొరపాటున నిన్నటిదే మళ్ల పంపిన. నేనింకా ఏం మార్చలేదు," అంది.

నేను మళ్ళీ తెరిచి, ఈసారి మొదటి వరసనుంచి చివరిదాకా చదివాను. ఆ పిల్ల పక్కనే నిలబడి ఉంది. తన వర్క్ పర్మిట్ ఎప్పటిదాకా ఉందో నేను అడగలేదు, అడగకపోయినా ఆ చేతులు చూస్తే తెలుస్తోంది. నవ్వొచ్చింది, నవ్వుతోపాటు ఇంకేదో కూడా వచ్చింది.

"మార్చకమ్మా," అన్నాను. "నిన్ననే బాగుంది. నేనే చదవలేదు."