తాతకు దారి చూపిన దివిటీ

మనవడు బడిలో కళ్లు చెక్కిన గుమ్మడికాయ ఇంటికి తెచ్చి, లోపల కొవ్వొత్తి వెలిగించాడు. "దయ్యాల పండగ" అని చెప్పి పంపారట. ఎవరి పండగో, ఎందుకో ఒక్కరూ చెప్పలేదు! పడమటి దేశాల్లో ప్రాచీన కెల్టులనే జనం కోతలయ్యాక మంటలు వేసి, ఆ రాత్రి ఇంటికొచ్చే తమ పెద్దలకు అన్నం పెట్టుకునేవారని, నాలుగో తరగతితో బడి మానేసిన నేనే చదివి తెలుసుకున్నాను. ఇంటికొచ్చే తాత దయ్యమా?

గుమ్మడి కమురు వాసనకు చిన్ననాటి దీపావళి గుర్తొచ్చింది. నెల్లిమర్ల దగ్గర మా ఊళ్లో గోగుపుల్లలకు నూనెగుడ్డ చుట్టి, వెలిగించి, నేలకు దివిటీలు కొట్టేవాళ్లం. "ఈ ఎలుగులో మీ తాత ఇంటికొస్తాడ్రా" అంది నాయనమ్మ. నేను పుట్టకముందే పోయిన తాత! మేము ఇల్లు మారింది ఆయన పోయాకే. పాతింటికి వెళ్లి, మావాళ్లెవరూ లేరని తిరిగి వెళ్లిపోతే?

దివిటీతో పాతింటికి పరిగెత్తాను. అరుగు మీద తెల్లపంచె ముసలాయన చుట్ట కాలుస్తున్నాడు. చెయ్యి పట్టుకున్నాను.

"తాతా, ఇల్లు మారిపోనాం. రా, సూపిస్తాను."

ఆ ఇల్లు కొన్నవాళ్ల తండ్రి ఆయన. నవ్వుతూ నా వెంట వచ్చాడు.

"ఒరే, ఎవుల్ని తెచ్చీసినావురా!" నాయనమ్మ పగలబడి నవ్వింది. విస్తరి మాత్రం వేసింది.

గారెలు తిని లేస్తూ నాయనమ్మతో, "అప్పా, వచ్చే యేడు కూడా ఈణ్ణి పంపు. నాకు దారి తెల్దు" అన్నాడాయన.

ఆయన మా తాత కాడని నాకు ఆ రాత్రే తెలిసింది. అయినా ఆయన ఉన్నన్నాళ్లూ ప్రతి దీపావళికీ దివిటీ పట్టుకుని వెళ్లి పిలుచుకొచ్చాను.