రొయ్య తినని ఇన్‌స్పెక్టరుకు నేనిచ్చిన హామీ

ఒక జూన్ నెల ఒకటో తేదీన నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నేను క్వాలిటీ మేనేజరుగా బాధ్యతలు తీసుకున్నాను. టైగర్ రొయ్య పోయి, మన చెరువుల్లో వన్నామి రొయ్య కుదురుకుంటున్న రోజులవి. అంతకు ముందు పదకొండేళ్లు అదే ప్లాంటులో టెక్నాలజిస్టుగా, తరువాత అసిస్టెంటు మేనేజరుగా పనిచేశాను. నా పైన మేనేజింగ్ డైరెక్టరు ఒక్కరే. నా సంతకం లేకుండా ఒక్క పెట్టె కూడా కంటైనరు ఎక్కేది కాదు. నేను ఉన్నన్నాళ్లూ మా సరుకు ఏ దేశపు రేవు నుంచీ తిరిగి రాలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. కింద రాయబోయేది అంత గర్వపడదగ్గది కాదు కాబట్టి ముందు దీన్ని రాసుకున్నాను.

మా పని తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. చెరువు దగ్గర పట్టిన రొయ్య ఐసులో ప్లాంటుకు వస్తుంది. కిలోకు ఎన్ని తూగితే అది దాని కౌంటు. యాభై కౌంటు కంటే ముప్పై కౌంటు రొయ్య పెద్దది, ధరా ఎక్కువ. కౌంటు చూశాక, పెంకు గట్టిగా ఉందా, నల్లమచ్చ పడిందా అని చూస్తాం. చివరిది ఉడికించే పరీక్ష. ఒక్కో లాటు నుంచి పది రొయ్యలు తీసి ఉప్పు వేయని నీళ్లలో రెండు నిమిషాలు ఉడికించి, ముందు ఆవిరి వాసన చూసి, ఆపైన నమిలి ఉమ్మేస్తాం. వానలు పడి చెరువులో ఉప్పదనం తగ్గినప్పుడు రొయ్యకు బురద వాసన పడుతుంది. పచ్చి రొయ్యలో అది తెలియదు. ఉడికితే దాగదు. దానికి యంత్రం లేదు, ముక్కూ నాలుకే.

విదేశీ కొనుగోలుదార్లు తమ తరఫున ఒక ఇన్‌స్పెక్టరును ఇక్కడ ఉంచుకోవడం మా వ్యాపారంలో మామూలే. ఆ అక్టోబరులో రోలాండ్ అనే యాభై ఏళ్ల మనిషి అలాగే వచ్చాడు. యూరప్‌లో ఒక పెద్ద దిగుమతి కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం చూపించాడు. ఆ కంపెనీకి ఒక మెయిలు పెట్టి కనుక్కోవడం నా విధి. నేను పెట్టలేదు. వచ్చిన రోజే ఆయన మా గ్రేడింగ్ హాలు చూసి, ఇంత శుభ్రమైన నేల ఆసియాలో ఎక్కడా చూడలేదన్నాడు. నన్ను డాక్టర్ ప్రభుదాస్ అని పిలిచాడు. నేను చదివింది ఎమ్మెస్సీ. ఆ డాక్టరును సరిదిద్దడానికి నాకు నోరు రాలేదు.

ఆయన మైపాడులో సముద్రానికి ఎదురుగా ఉన్న మేడలో పై అంతస్తు అద్దెకు తీసుకున్నాడు. జెనరేటరు, చెన్నై నుంచి వంటమనిషి, నెలవారీ బాడుగకు ఏసీ కారు. శనివారం మధ్యాహ్నాలు పదిమందిని భోజనానికి పిలిచేవాడు. అన్నీ అరువు మీదే నడుస్తున్నాయని నాకు తెలుసు. పైనుంచి డబ్బు రావడం ఆలస్యమవుతోందని చెప్పేవాడు, నేను నమ్మేవాణ్ని. మా వైపు అరువు ఇచ్చేవాళ్లు కాగితం అడగరు. ఎవరి మనిషని అడుగుతారు. ఇంటి ఓనరు, కారు ఓనరు, పచారీ కొట్టాయన, ముగ్గురూ ఒక్కొక్కరే వచ్చి నన్ను అదే అడిగారు.

"సార్, ఆ దొర మీ మనిషేనా?"

"మా మనిషే" అన్నాను ముగ్గురితోనూ. విదేశీయుడు అద్దెకు దిగితే ఇంటి ఓనరు ఒక రోజులోగా పోలీసులకు సి ఫారం అని ఒకటి పంపాలి. దాని గురించి అడిగితే, కంపెనీ తరఫున మేం చూసుకుంటామన్నాను. చూసుకోలేదు.

ఎందుకు ఇంత చేశానంటే, రెండేళ్లలో వాళ్ల యూరప్ ఆఫీసులో నాకు ఉద్యోగం ఇప్పిస్తానని ఆయన అన్నాడు. దానికి తగ్గట్టు ఉండాలని నేను అప్పు చేసి ఒక పెద్ద కారు కొన్నాను. ఆదివారం ఇంట్లోవాళ్లను చర్చికి స్కూటరు మీద తీసుకువెళ్లిన మనిషిని, ఆ కారులో దిగడం మొదలుపెట్టాను. నా భార్య సుగుణ ఒక రోజు అన్నం వడ్డిస్తూ అంది: "ఆయన జీతం ఆయన ఖర్చుకు చాలుతుందో లేదో నాకు తెలీదు గానీ, మన జీతం మాత్రం ఆయన ఖర్చుకు చాలడంలేదండీ." నాకు కోపం వచ్చింది. కోపం రావడానికి కారణం ఆమె చెప్పింది నిజం కావడమే.

ప్లాంటులో మొదట అనుమానపడింది మస్తానమ్మ. గ్రేడింగ్ హాలులో నూట యాభై మంది ఆడవాళ్ల మీద ఆమె సూపర్‌వైజరు. మైపాడు జాలరి కుటుంబం. పదేళ్ల వయసు నుంచి చేపా రొయ్యా చేతిలోనే పెరిగిన మనిషి. రొయ్యను ఐసులోంచి తీయగానే ఎన్నో గంట సరుకో చెప్పేది, నేను రికార్డు తీసి చూస్తే సరిపోయేది. రోలాండ్ తనకు రొయ్య పడదని, తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయని చెప్పాడు. అందుకని ఉడికించే పరీక్షలో నేను నమిలి చెప్పేవాణ్ని, ఆయన రాసుకుని సంతకం పెట్టేవాడు.

"రొయ్య పడనోణ్ని రొయ్య చూడను పంపించినారా ఆ దేశమోళ్లు? వాళ్ల దగ్గర మనుషులు అంత కరువా సార్?" అని మస్తానమ్మ ఒకరోజు అడిగింది. హాలంతా నవ్వింది.

దద్దుర్లు ఎవరికైనా వస్తాయన్నాను.

"తినకపోతే పోనీలే సార్. క్రేటులో చెయ్యి పెట్టినాడా ఒక్కరోజన్నా? ఐసు ముట్టుకోని మనిషి సరుకేం చూస్తాడు? నేను జెప్తే మీకు చేదుగా ఉంటది."

నీ పని నువ్వు చూసుకో అన్నాను. అన్నేళ్ల పరిచయంలో ఆమెతో అలా మాట్లాడింది ఆ ఒక్కసారే.

ఫిబ్రవరిలో రోలాండ్ అల్లూరు వైపు రైతులకు ఒక పథకం చెప్పాడు. చెరువును తన కంపెనీ దగ్గర నమోదు చేయించుకోవాలి, దానికి రుసుము కట్టాలి. పంటను వేరే ఎవరికీ అమ్మకుండా ముప్పై కౌంటు దాకా ఉంచాలి. అలా చేస్తే బజారు ధర కంటే బాగా ఎక్కువ ఇస్తామన్నాడు. ఇరవై మూడు మంది ఫారాలు నింపారు. ప్రతి ఫారం కింద సాంకేతిక హామీదారు అన్న గీత మీద నా సంతకం ఉంది. రుసుము ఒక ఆదివారం అందరూ కలిసి తెచ్చి ఇవ్వాలని నిర్ణయమైంది. రైతుల్లో చాలామంది నగలు కుదువపెట్టారని తరువాత తెలిసింది.

వాళ్లలో పెంచలయ్యకు నాలుగు చెరువులు. నలభై ఐదు కౌంటు దగ్గర పట్టేద్దామని వల మనుషుల్ని కూడా మాట్లాడుకున్నాడు. సార్ సంతకం పెట్టినాడు గదా అని ఆగాడు. రొయ్య సాగులో ఆగడమంటే ప్రతి రోజూ జబ్బుకు ఇంకో అవకాశం ఇవ్వడమే. ఆగిన పన్నెండో రోజు పొద్దున్నే ఫోను చేశాడు.

"సార్, మూడో చెరువు గట్టున కాకులు దిగినాయి."

అంతకు మించి చెప్పనక్కరలేదు. జబ్బు చేసిన రొయ్య అంచుకు వస్తుంది, దానికోసం కాకులు వస్తాయి. నేను వెళ్లేసరికి పెంకుల మీద తెల్లమచ్చ జబ్బు స్పష్టంగా ఉంది. మిగతా మూడు చెరువులూ ఆ రోజే పట్టించేశాం. మూడోది పోయింది. పెంచలయ్య గట్టు మీద కూర్చున్నాడు. మీకు టీ చెప్తాను సార్ అన్నాడు. నేను రోలాండ్‌కు చెప్పాను. ఆయన విని, మిగతా ఇరవై రెండు మంది రుసుములో మార్పు ఏమీ ఉండదు కదా అని అడిగాడు.

సరుకు గురించి తెలిసినవాడు ముందుగా అడగాల్సింది పక్క చెరువులకు అంటుకుందా అని. ఆ ప్రశ్న రాకపోవడంతో నాకు మస్తానమ్మ మాటలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

శుక్రవారం నేను ఆమె దగ్గరికి వెళ్లి, నాలుగు ట్రేలు సిద్ధం చెయ్యమన్నాను. మూడు మంచి లాట్లవి, ఒకటి బురద వాసన వల్ల తిప్పి పంపాలని ముందురోజే మేం పక్కన పెట్టినది. ట్రేల మీద అంకెలు మాత్రమే. ఆమె ఎందుకని అడగలేదు. "దానికి మూడో నెంబరు పెడతాను సార్, మర్చిపోకుండా ఉంటది" అంది.

శనివారం పొద్దున రోలాండ్ వచ్చాడు. నాకు జలుబు చేసిందని, ముక్కూ నాలుకా పనిచెయ్యడంలేదని చెప్పాను. తినక్కరలేదు, ఆవిరి వాసన చూసి చెప్పమన్నాను. నాలుగూ ఉడికించి మూతలు తీశాం. మూడో ట్రే మూత తీయగానే పక్కన ఉన్న ఆడవాళ్లలో ఇద్దరు వెనక్కి జరిగారు. వానకు తడిసిన మట్టి గోడ వాసన అది. రోలాండ్ నాలుగింటి మీదా వరసగా వంగి, మూడోదాని దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు ఉండి, అన్నిటికంటే ఇది శ్రేష్ఠమైనదన్నాడు. సంతకం కూడా పెట్టాడు.

హాలులో ఎవరూ నవ్వలేదు. మస్తానమ్మ ట్రే తీసుకుని వెళ్లిపోయింది. నాకు ఆ సరుకు గురించి ఏమీ చెప్పనక్కరలేదని ఆమెకు తెలుసు.

నా గదిలో తలుపు వేసి ఆయన్ను అడిగాను. ఆయన దబాయించలేదు. తమ ఊళ్లో ఒక దిగుమతి కంపెనీలో గుమాస్తాగా కాగితాలు చూసేవాడట, ఆ పని పోయి నాలుగేళ్లయిందట. అక్కడ ఒక్క గదిలో, ఎవరూ పలకరించని బతుకు. ఇక్కడ దిగిన రోజే మీరంతా లేచి నాకు కుర్చీ వేశారు, ఆ కుర్చీని నిలబెట్టుకోవడానికి మేడ కావలసి వచ్చింది, మేడకు కారు, కారుకు మీ రైతులు అన్నాడు. ఆయన చెప్పింది నాకు అర్థమైంది. నా కారు కిటికీలోంచి కనబడుతూనే ఉంది.

ఎండీ గారికి చెప్పాను. ఆయన, గుట్టుగా పంపించేద్దాం, పథకం రద్దయిందని రైతులకు ఫోను చెయ్యి చాలు, ప్లాంటు పేరు బయటికి రాకూడదన్నారు. అది పూర్తిగా తప్పు సలహా కాదు. కానీ రద్దయిందని మాత్రమే చెబితే, రోలాండ్ ఇంకో ఊళ్లో ఇంకో పథకం పెట్టగలడు, ఆ ఫారాల మీద నా సంతకం చూపించి. ఎండీ గారికి ఆ మాటే చెప్పి, రేపు నేను వెళ్తున్నానన్నాను. నా మీద చర్య తీసుకోవాల్సి ఉంటుందన్నారు. తీసుకోండన్నాను.

ఆదివారం ఆరాధన మానుకుని అల్లూరు వెళ్లాను. ఐసు ఫ్యాక్టరీ రేకుల కింద ఇరవై మూడు మందీ ఉన్నారు. కొందరి చేతుల్లో డబ్బు సంచులున్నాయి. నిలబడి జరిగినదంతా వరసగా చెప్పాను. ఉత్తరం సరిచూడలేదని, నమిలి చెప్పాల్సినవాడు నమలకపోతే ఊరుకున్నానని, యూరప్ ఉద్యోగం కోసం ఆశపడ్డానని, ఆ ఫారాల మీద సంతకం తప్పని. డబ్బు ఇళ్లకు తీసుకుపొమ్మన్నాను.

మొదట ఎవరూ నమ్మలేదు. వెనక నుంచి ఒకాయన, "ఇంకెవురో ఎక్కువ ఇస్తామన్నారేమోలే, అందుకని సారు మాట మార్చినాడు" అన్నాడు. ఇంకొకరు, దొరనే పిలిపించి అడుగుదామన్నారు. అప్పుడు పెంచలయ్య లేచాడు.

"సారు అబద్ధం జెప్పాలంటే మనకు బాగుండేది జెప్తాడు గానీ, తన్ను తానే తిట్టుకుంటాడా?" అన్నాడు వాళ్లతో. తరువాత నా వైపు తిరిగాడు. "మాకు రొయ్య జబ్బులన్నీ నేర్పించినావు. కాకులు దిగినాక గానీ నీకు తెలీలేదా సార్?"

తెలీలేదన్నాను. ఆయన కూర్చున్నాడు. ఒకరి తరువాత ఒకరు ఫారాలు తెచ్చి నా చేతికిచ్చారు. ఇరవై మూడూ అక్కడే చించాను. రుసుము కింద ఒక్కరి రూపాయి కూడా పోలేదు.

సోమవారం నేనే పోలీసులకు రాసి ఇచ్చాను. రోలాండ్ వీసా గడువు దాటి రెండు నెలలైందని తేలింది, ఆయన్ను పంపించేశారు. నా కారు అమ్మి ఇంటి ఓనరుకు, కారు ఓనరుకు, పచారీ కొట్టుకు, వంటమనిషికి ఇచ్చేశాను. నా మాట మీద అరువు ఇచ్చినవాళ్లు వాళ్లు. పెంచలయ్య చెరువుకు ఇస్తానంటే, జబ్బు నువ్వు తెచ్చినావా సార్ అని తీసుకోలేదు. ఆయన ఆగింది నా సంతకం చూసి కాబట్టి ఆ బాకీ నాకు ఇప్పటికీ ఉంది. కంపెనీ నాకు మెమో ఇచ్చి ఒక ఇంక్రిమెంటు ఆపింది. న్యాయమే. ఆ మెమో జతచేసిన ఫైలుతోనే మరో తొమ్మిదేళ్లు అదే కుర్చీలో పనిచేసి రిటైరయ్యాను. ఆ ఏడాదే మా ప్లాంటులో ఉడికించే పరీక్ష రిజిస్టరులో మూడో గడి చేర్చాం. క్వాలిటీ మేనేజరు, కొనుగోలుదారు మనిషి, హాలు సూపర్‌వైజరు ముగ్గురి సంతకాలూ ఉండాలి. మొదటి రోజు మూడో గడిలో మస్తానమ్మ సంతకం పెట్టింది.

నేను నేర్చుకున్నది ఇది. పరీక్ష నాకు కొత్త కాదు, పద్ధతి లేకా కాదు. మాకున్న పద్ధతి ఆ ఒక్క మనిషిని ఒక్క గంటలో పట్టేసేది. ఆ పరీక్ష పెడితే ఆయన ఓడిపోతాడని ఎక్కడో తెలిసే నేను ఐదు నెలలు పెట్టలేదు. అర్హత ఉన్న అధికారి చేసే మోసం బయటి మోసగాడి మోసం కంటే ఖరీదైనది, ఎందుకంటే దాని కింద చదువుకున్న సంతకం ఉంటుంది.