ఎడం పక్క చప్పుడు

వెనక ఏదో చప్పుడు వస్తోందని గుడివాడ దాటినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. మావారు పాటల సౌండు పెంచారు. చల్లపల్లి చేరేసరికి, కారు వెనక తగిలించుకున్న మా ట్రైలరు, మంచమూ పొయ్యీ అన్నీ ఉన్న చక్రాల ఇల్లు, ఓ పక్కకి ఒరిగిపోయింది. చక్రం మీద బరువు మోసే కమాను కట్ట విరిగిందన్నాడు అక్కడి మెకానిక్కు.

మాకంటే ముందు ఒక చేపల ఆటోకి అదే రిపేరు చేశాడు. ఆటో అతను భార్యని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద ఓ చుట్టు తిప్పుకొచ్చాడు.

"ఏమే, చప్పుడు ఇంకా వస్తుందా?"

"వస్తుంది మావా. ఎడం పక్క."

"ఏం లేదమ్మా, బానే ఉంది" అన్నాడు మెకానిక్కు.

"అది వస్తుందంటే వస్తుంది. మళ్లీ విప్పు" అన్నాడతను.

విప్పితే నట్టు ఒకటి వదులుగా ఉంది. ఆవిడకి అదేమంత వింతగా అనిపించినట్టు లేదు. నాకు మాత్రం కడుపు మండిపోయింది.

"మీ బండికేమైందమ్మా?" అని ఆవిడ ఆప్యాయంగా పలకరించింది.

"నాకేం తెలుసు, ఆయన్నడుగు" అన్నాను.

సాయంత్రం మా రిపేరు కూడా అయ్యాక బయల్దేరాం. ఊరు దాటగానే మళ్లీ అదే చప్పుడు. ఇంకా వస్తుందా అని మావారు అడుగుతారేమోనని కోడూరు దాకా ఎదురుచూశాను.