కోదాడకు ఓడ తెచ్చిన బేరం

సముద్రం లేని ఊరికి ఓడ తెస్తానని మాటిచ్చి, తీరా తెచ్చాక దాన్ని నలుగురికీ చూపించలేక నానా తంటాలు పడ్డ మనిషి మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇదిగో, నేనే. నవ్వుకోండి, పర్వాలేదు. కోదాడలో సగం మంది నవ్వనే నవ్వారు. మిగతా సగం మందికి ఓడ కనబడలేదు.

మాది సూర్యాపేటలో కిరాణం దుకాణం. నడక నేర్చింది బియ్యం బస్తాల మధ్య, మాటలు నేర్చింది బేరాల మధ్య. చిన్నప్పుడు పెరుగుబువ్వ తినడానికి కూడా మా అమ్మతో బేరమాడి రెండు ముద్దలు తగ్గించుకునేవాణ్నట. పట్టుచీరలైనా, పాత బండైనా, నన్ను వెంటబెట్టుకోకుండా మా చుట్టాలెవరూ కొనరు. ఆ పొగరు అప్పట్లో తలకు బాగా ఎక్కి ఉండేది.

మా అక్కను కోదాడ ఇచ్చాం. బావ అక్కడ కళ్లద్దాల దుకాణం పెడుతున్నాడు. ముందరి షోకేసులో ఏం పెట్టాలన్నదాని మీద వాళ్లింట్లో పెద్ద చర్చ. సరిగ్గా అప్పుడే నాకు ఫోన్‌లో వీడియోలు చూసి కొత్త పిచ్చి పట్టుకుంది: ప్లాస్టిక్ ముక్కలు అంటించి ఓడలు, విమానాలు చేసే పిచ్చి. అసలు ఓడకు ఎన్ని మెట్లుంటే బొమ్మ ఓడకూ అన్నే మెట్లు!

"బావా, కోదాడల ఓడ ఎవరు సూసిండ్రు? రోడ్డు మీద పోయేటోళ్లు ఆగి సూడాలె. నేను చేసి తెస్త," అన్నాను.

"ఓడా? ఎంతుంటదేంటి?"

"షట్టర్ల పట్టనంత!"

బావకు నమ్మకం కుదరలేదు. వాళ్లమ్మకు అసలే కుదరలేదు. ఆమె అక్కడ నిలువెత్తు దేవుడి పటం పెట్టాలంటుంది. చివరికి మా అక్కే అడ్డుపడింది. "మా తమ్ముడు అన్నడంటే తెస్తడు. తేకపోతే ఈ దుకాణం సంగతుల నేను మళ్ల నోరు తెరవ."

చూశారా, ఓడ ఇంకా రానేలేదు, అక్క పరువు మాత్రం అందులో ఎక్కి కూర్చుంది.

హైదరాబాదులో ఈ ఓడల కిట్లు అమ్మే ఒకాయనకు ఫోన్ చేశాను.

"మూడు స్కేళ్లు ఉన్నాయి సార్. మూడు వందల యాభై, ఏడు వందలు, రెండు వేలు," అని, ఒక్కో స్కేలుకూ రేటు చెప్పాడు.

నా చెవులను నేనే నమ్మలేదు. మూడు వందల యాభైది అన్నిటికన్నా ఖరీదు. రెండు వేలది అన్నిటికన్నా చవక!

ఇక్కడ మీరు నా బుర్ర సంగతి కాస్త తెలుసుకోవాలి. కిరాణం కొట్టులో పెరిగినవాడికి అంకె అంటే తూకం. మూడు వందల యాభై గ్రాములంటే గుప్పెడు. రెండు వేలంటే రెండు కిలోలు. ఈయనెవరో పెద్ద డబ్బా రేటు చిన్న డబ్బాకు, చిన్న డబ్బా రేటు పెద్ద డబ్బాకు చెబుతున్నాడు! ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా నాయన నాకు ఊహ తెలియకముందే నేర్పాడు. ఎదుటోడు లెక్క తప్పుతున్నప్పుడు దగ్గొచ్చినా దగ్గొద్దు.

"రెండు వేలదే పంపుండ్రి," అన్నాను, గొంతులో సంతోషం అణుచుకుంటూ. అలవాటు చావక దాని మీద ఇంకొంత తగ్గించాను కూడా.

"ఎందుకు సార్ మీకు?"

"షోకేసుల పెట్టనీకి."

"అయ్యో, అయితే మూడు వందల యాభై తీసుకోండి సార్. రెండు వేలది మీకు పనికిరాదు."

దొరికాడు దొంగ! తప్పు తెలిసొచ్చి జారుకుంటున్నాడు.

"గదేం కుదరదు. మాటంటే మాటే. నేను వాపస్ అడగ, నువ్వు వాపస్ అడగొద్దు."

"మీ ఇష్టం సార్," అన్నాడు. ఆ గొంతులో నాకు ఓటమి వినిపించింది. అది జాలి అని తర్వాత తెలిసింది.

వీడియోలో చూసిన మూడు వందల యాభై ఓడ రెండడుగులుంది. ఆ లెక్కన నాది పదకొండు అడుగులు దాటుతోంది. నాకే భయమేసి సగానికి సగం కోసేసి, ఆరడుగుల అద్దాల షోకేసు చేయించమని బావకు చెప్పాను. లోపల సముద్రంలాగా నీలం గుడ్డ, పైన లైట్లు.

పార్సిల్ వచ్చిందని కబురు రాగానే ట్రాలీ ఆటో మాట్లాడుకుని బస్టాండుకు బయల్దేరాను.

"ఏం సామాను సేటూ?" అన్నాడు డ్రైవర్.

"ఓడ."

అతను నా నోటి దగ్గరకు వంగి వాసన చూశాడు. "మోకులు గావాల్నా?"

"తే. పొడుగ్గుంటది."

పార్సిల్ కౌంటర్లో మనిషి రసీదు చూసి, కుర్చీలోంచి లేవకుండానే సొరుగు లాగి ఒక డబ్బా తీశాడు. పావుకిలో మైసూర్‌పాక్ పట్టే డబ్బా.

"ఇది కాదన్నా. నాది ఓడ."

"నీ పేరే ఉన్నది. తీస్కపో."

డ్రైవర్ డబ్బాను చూశాడు, నన్ను చూశాడు. "కిరాయి ఓడకు మాట్లాడుకున్నం సేటూ. మోకులు గూడ తెస్తి," అని ఆ డబ్బాను ట్రాలీ నడుమ పెట్టి, అడ్డంగా నిలువుగా మోకుతో బిగించి, బజారంతా హారన్ కొట్టుకుంటూ తెచ్చి మా దుకాణం ముందు దింపాడు.

అమ్మినాయనకు ఫోన్ చేశాను. "మిగిలిన డబ్బాలెప్పుడొస్తయి?"

"మిగిలినవేంటి సార్? రెండు వేలంటే, అసలు ఓడ పొడుగులో రెండు వేలవ వంతు. అంకె పెరిగేకొద్దీ ఓడ చిన్నదవుతుంది. చెబుదామనుకున్నాను, మీరు మాటంటే మాటే అన్నారు."

పోనీ పెద్దదే పంపమంటే, ఉన్న ఒక్కటీ అమ్ముడుపోయిందన్నాడు. ఓపెనింగేమో ఆదివారం.

ఇక ఉన్నదాంతోనే మొదలుపెట్టాను. గిరాకీ లేని మధ్యాహ్నాలు కౌంటర్ మీదే కూర్చుని, సూదీ పట్టకారూ పట్టుకుని ఒక్కో ముక్కా అంటించాను. బంక పూసుకుని రెండు వేళ్లు అతుక్కుపోతే, ఒక పూటంతా వచ్చినవాళ్లకు స్వామీజీలా దీవెనలిస్తూ ఉప్పూ పప్పూ అమ్మాను. అయినా నిజం చెప్పొద్దూ, లేత బెండకాయంత ఓడకు మెట్లూ పొగగొట్టమూ మొలుస్తుంటే, పుల్ల కొనతో జెండాకు రంగు అద్దుతుంటే, ఆ సంతోషం ఏ బేరంలోనూ దొరకలేదు.

అది యుద్ధం ఓడ; చివరికి వెనక వైపు ఫిరంగి ఒక్కటి అంటించడం మిగిలింది. మంచినీళ్లు తాగి వచ్చేసరికి అది లేదు.

"అమ్మా, గీడ ఒకటి పెట్టిన, ఏది?"

"జీలకర్ర గింజనా? ఏరి పోపుల డబ్బల ఏసిన."

మాది రాలిన గింజను వదలని ఇల్లు. పోపుల డబ్బా బోర్లించి వెతికాను, అప్పటికే పోపు పడిపోయింది. అన్నం దగ్గర నాయన నోట్లో ఏదో కరకరమంది. "జీలకర్రల రాళ్లు కలుపుతున్నరు!" అని హోల్‌సేల్ ఆయనకు ఫోన్ చేసి దులిపేశాడు. నేను దగ్గొచ్చినా దగ్గలేదు.

ఆదివారం కోదాడలో షట్టర్ లేచింది. ఆరడుగుల సముద్రం నడుమ నా ఓడ, పెళ్లి విస్తట్లో ఒక్క మెతుకు మిగిలినట్టుంది.

"తమ్మీ, ఓడేదిరా?" అంది అక్క.

"అగో, నడుమ."

"షట్టర్ల పట్టదంటివి గదయ్యా బామ్మర్దీ!" అన్నాడు బావ.

"దేవుడి పటమైతే కనపడేది," అంది వాళ్లమ్మ, ఎటో చూస్తూ.

అక్క తల దించుకుంది. తిట్టినా బాగుండేది.

అంతలో మునగాల నుంచి వచ్చిన ఒక గొర్ల తాత, భుజాన గొంగడితో షోకేసు ముందు ఆగాడు. "ఖాళీ డబ్బకు లైట్లేసిండ్రేందిర?"

అక్కకు ఏం తోచిందో, లోపలికి ఉరికి ఒక కళ్లజోడు తెచ్చి తాత ముక్కు మీద పెట్టింది. "ఇప్పుడు సూడు తాతా."

"అరెరే, ఓడ! మెట్లున్నయి! అవ్వల్ల, జెండ గూడున్నది!"

ఇక చూడండి. "ఏదీ, నాకేది?" అని జనం అద్దం మీద పడ్డారు. ఓడ కనబడనివాళ్లు లోపలికి, కనబడినవాళ్లు బయటికి. బావ అప్పటికప్పుడు అట్టముక్క మీద రాసి తగిలించాడు: 'ఓడ కనపడలేదా? లోపలికి రండి.' వాళ్లమ్మ కూడా ఒక జోడు పెట్టుకుని చూసి, "కోడలికి తెలివుంది," అంది. అక్క తల మళ్లీ పైకి లేచింది. నా మీసం కూడా.

ఆ మీసం మీదే కౌంటర్లో కూర్చుని తాతతో కళ్లజోడు బేరానికి దిగాను.

"తగ్గియ్యి పటేలా."

"తగ్గది తాతా. గింత సాఫ్ సూపు ఇంకేడ దొరకది."

"సూపు మంచిగున్నదనే అడుగుతున్న. ఓడ ఎనక తుపాకికి గుంత ఉన్నది, తుపాకి లేదు. సామాను తక్కువ పెట్టి పూర రేటు అడుగుతవా?"

"ఓడ అమ్మనీకి కాదు తాతా!"

"నీ అద్దాల్తోని సూసే చెప్తున్న. అద్దాలు మంచివైతే తుపాకి లేదు. తుపాకి ఉన్నదంటవా, అద్దాలు మంచివి కావు. ఏదన్న ఒకటి ఒప్పుకో."

నా జన్మలో మొదటిసారి, అడిగినంతా తగ్గించి, దండం పెట్టి పంపాను.

ఇప్పుడు బావ మిర్యాలగూడలో రెండో దుకాణం తెరుస్తున్నాడు. "ఇంకా చిన్న ఓడ దొరుకుద్దా బామ్మర్దీ?" అని రోజూ ఫోన్. తెస్తాను. అయితే ముందుగా మా అమ్మ పోపుల డబ్బా మీద చెయ్యేసి, ఫిరంగి మింగిన మా నాయన సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇకమీదట ఎదుటివాడు లెక్క తప్పుతున్నాడనిపించిన మరుక్షణం, దగ్గు రాకపోయినా సరే, గట్టిగా దగ్గుతాను.