నా బర్తరఫు నా చేతిరాత

పంతుళ్లు కూడా సమ్మె చేస్తారని ఆ రోజుల్లో మా పల్నాడులో ఎవరూ ఊహించలేదు. సమ్మె అంటే రైలు వాళ్లది, మిల్లు వాళ్లది. వాళ్లు చేతులు కట్టుకుంటే బండి ఆగుతుంది, మర ఆగుతుంది. మేం చేతులు కట్టుకుంటే ఏమాగుతుంది? పిల్లలు పండగ చేసుకుంటారు, గేదెలకు కాపలా దొరుకుతుంది. అయినా చేశాం. యుద్ధం అయిపోయింది గానీ ధరలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. కిరసనాయిలుకు, పంచెల చాపుకు కంట్రోలు షాపు ముందు పొద్దుటినుంచీ నిలబడి, ఆలస్యంగా బడికొస్తే మేనేజరు చేత చీవాట్లు తినే బతుకు మాది. రిజిస్టరులో ఒక అంకె మీద సంతకం పెట్టి, చేతికి ఇంకో అంకె పుచ్చుకునేవాళ్లం. గురజాల దగ్గరి మా ఊరి ఎయిడెడ్ స్కూలు మేనేజరు గారి కొట్టంలో నడిచేది. మిరపకాయలు కోతకొచ్చాయంటే సగం కొట్టం కాయలకు, సగం మాకు. ఆ రెండు నెలలూ పిల్లలు ఎక్కాలు చెప్పేవాళ్లు కాదు, తుమ్మేవాళ్లు.

మేనేజరు గారు ఊరికి పెద్ద కామందు. నాకు వరసకు మామయ్య (మా ఊళ్లో అందరికీ అందరూ ఏదో ఒక వరసే). నన్ను ‘అల్లుడూ’ అనేవాడు. బడికి మేనేజరేగానీ ఆయనకు సంతకం ఒక్కటే వచ్చు. అందుకని సాయంత్రాలు ఆయన అరుగు మీద కూచుని పేపరు చదివి వినిపించడం, గురజాల కోర్టు కాగితాలు విడమరచి చెప్పడం, డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు జవాబులు రాయడం నా పని. జీతంలేని పనే. అయినా ఏడవకుండా చేసేవాణ్ణి, ఎందుకంటే నాకు రాయడమంటే పిచ్చి. ఇరవై ఏళ్లవాణ్ణి, ట్రైనింగు పాసై ఏడాదైంది. డిపార్టుమెంటు నిబంధనల పుస్తకం మొత్తం నోటికొచ్చు. ఒక ముక్కకు ఇంకో ముక్క అతికించి, ఎక్కడా సందు లేకుండా కాగితం తయారు చేస్తే, మంచి భోజనం చేసినట్టుండేది. అసలు భోజనం అంత బాగా ఉండేది కాదు గనక ఈ పోలిక సరిపోయేది.

బడికి ఇద్దరమే పంతుళ్లం. రెండో ఆయన పెద్ద మాస్టారు. నాకు అక్షరాలు దిద్దించిందీ ఆయనే, ఊళ్లో సగంమందిని బెత్తంతో మనుషుల్ని చేసిందీ ఆయనే. నరసరావుపేటలో పంతుళ్ల సంఘం మీటింగుకు వెళ్లొచ్చి, వారంరోజులు సమ్మె అని నేను ఊగిపోతుంటే, ఆయన చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు.

“ఇంకో మూడేళ్లు గడిస్తే నా సర్వీసు అయిపోద్దిరా. కొడుకు పోయినాక కోడలు, మనవరాలు నాకాడే ఉన్నారని నీకు తెలుసు గదా. నన్నొదిలెయ్యి.”

“మీరు లేకుండా నేనొక్కణ్ణే మానేస్తే దాన్ని సమ్మె అనరు మాస్టారూ, సెలవంటారు.”

“పని ఊడితేనో?”

“నాది పూచీ” అన్నాను. (ఆనాటికి నాకు రెండు చొక్కాలు, ఒక ట్రంకు పెట్టె, ఒక ఫౌంటెన్ పెన్నూ ఆస్తి. వాటిమీద ఇచ్చిన పూచీ అది.) ఆయన ఆర్పిన చుట్ట మళ్లీ వెలిగించి, నేను రాసిన సమ్మె నోటీసు మీద సంతకం పెట్టాడు.

ఆ నోటీసు నా మొదటి కళాఖండం. మూడు పేజీలు. తీసుకెళ్లి మేనేజరు మామయ్య చేతికిస్తే ఆయన అటూ ఇటూ తిప్పి మళ్లీ నా చేతికే ఇచ్చాడు. “చదువు.” మా మీద జరుగుతున్న అన్యాయాలన్నీ ఆయనకే, ఆయన అరుగు మీదే, ఆయన ఇచ్చిన మజ్జిగ తాగి, గొంతు సవరించుకుని చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు. “చానా బాగా రాశావు అల్లుడూ. ఆ మిరపకాయల ముక్క ఇంకోసారి చదువు.” చదివాను. తలాడించి లేచి, పొలం వెళ్లిపోయాడు.

సమ్మె మొదలైంది. పెద్ద మాస్టారూ నేనూ కొట్టం ముందు మంచం వేసుకుని కూచున్నాం. దారినపోయే ఆడవాళ్లు “ఏంది పంతులుగారూ, ఒంట్లో బాగోలేదా” అని పలకరించేవాళ్లు. మూడోరోజు సాయంత్రం మేనేజరు మామయ్య కబురు పెట్టాడు: సమ్మె బడికి గదా, పేపరుక్కాదుగా అని. ఆ తర్కం ఒప్పుకుని వెళ్లాను. నిజం చెప్పాలంటే, వినేవాళ్లు లేక మూడురోజులుగా నా గొంతు దురద పెడుతోంది. ఆ పూట పేపర్లో ఎక్కడెక్కడి సమ్మెలూ ఉన్నాయి. వాటిని ఆవేశంగా చదువుతుంటే ఆయన “అబ్బో, అబ్బో” అంటూ విన్నాడు.

ఆరోరోజు వెళ్లేసరికి పేపరు లేదు. కాగితం, అట్ట ఉన్నాయి.

“రాయి అల్లుడూ. నిన్ను పనిలోనించి తీసేస్తన్నా. ముసలాయన జోలి మనకొద్దు, ఆయన నువ్వు ఎక్కిస్తే ఎక్కాడు. నీదొక్కటే రాయి.”

ఆ అరక్షణంలో నా బుర్ర నిబంధనల పుస్తకం తిరగేసింది. ఇప్పుడు చెప్పబోయే మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. “ఒకే నోటీసు మీద రెండు సంతకాలున్నాయి మామయ్యా. ఒకణ్ణి ఉంచి ఒకణ్ణి తీసేస్తే కక్షగట్టారని డిపార్టుమెంటు వాళ్లంటారు. తీస్తే ఇద్దర్నీ తీయాలి” అన్నాను. నా లెక్క తేలికే. తన పిల్లలకు చదువు చెప్పిన ముసలాయన్ను ఎలాగూ తీయడు, కాబట్టి నన్నూ తీయడు. పెద్దాయన్ని అడ్డం పెట్టుకుని నేను బతికి బయటపడతాను.

మేనేజరు మామయ్య మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. “అట్టాగా. నువ్వు చెబితే కరెక్టే అయ్యుంటది. అయితే ఇద్దరివీ రాయి.”

కలం అక్కడ పడేసి లేచి రావచ్చు. రాలేదు. భయం ఒక కారణం. రెండోది చెప్పుకుంటే సిగ్గుచేటు: ఆయన చెబుతున్న వాక్యాలు అధ్వానంగా ఉన్నాయి. “బడి మానేశారు, మాకొద్దు, ఇంకెవర్నన్నా పంపండి” అంటాడు. అలా రాస్తే నిలవదని నాకు తెలుసు. నిలవకపోతే మాకే మంచిదని కూడా తెలుసు. అయినా చెయ్యి ఊరుకోలేదు. తేదీలు వేశాను, రూలు నంబర్లు వేశాను, మాకు నచ్చజెప్పినట్టూ మేం వినిపించుకోనట్టూ రాశాను. రెండు ఉత్తర్వులు, గుండ్రటి అక్షరాలతో. ఆయన సంతకం పెట్టి, “చానా బాగుంది” అన్నాడు. నేను, దేవుడు నన్ను క్షమించుగాక, సంతోషించాను.

పెద్ద మాస్టారి కాగితం నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. ఆయన చదివి, ఆ అక్షరాలు చూసి, నన్ను చూసి, “దస్తూరి బాగా కుదిరింది” అన్నాడు. తరవాత “అప్పీలు కూడా నువ్వే రాయి” అన్నాడు. రెండురోజులు కూచున్నాను. నా కాగితంలో సందు నాకే దొరకలేదు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు రెండూ పక్కపక్కన పెట్టుకుని, దస్తూరి ఒకటేనని చూడకుండానే, ఉత్తర్వు రాసినవాడెవడో గట్టివాడని, అప్పీలు రాసినవాడికి వాడి ముందు నిలిచే సత్తా లేదని చెప్పి పంపేశారు.

సమ్మె వల్ల జిల్లాలో పంతుళ్లందరికీ కాస్త కరువుభత్యం పెరిగింది. మా ఇద్దరికీ తప్ప. నేను కుర్రవాణ్ణి గనక, సంఘం వాళ్లు తిరిగి తిరిగి మాచర్ల అవతల జిల్లా బోర్డు స్కూల్లో చోటు ఇప్పించారు. సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకున్న వీరుడని నాకు దండ కూడా వేశారు. పెద్ద మాస్టారి వయసు చూసి ఏ మేనేజరూ తీసుకోలేదు. చిలకలూరిపేటలో పత్తి మిల్లు గేటు దగ్గర కూచుని, లోపలికొచ్చే బండ్ల పేర్లు రాసే పని దొరికింది.

రెండేళ్ల తరవాత నడికుడి స్టేషన్లో కనిపించాడు. మనవరాలికి జ్వరమని ఊరికి పోతున్నాడు. సగానికి సగం అయ్యాడు. బల్ల మీద పక్కన కూచుని, ఇక దాచుకోలేక చెప్పేశాను.

“మాస్టారూ, మిమ్మల్ని తీసెయ్యమని ఆయన అనలేదు. ఇద్దర్నీ తీయాలన్నది నేను.”

“తెలుసురా. ఆ మర్నాడే చెప్పాడు మీ మామయ్య.”

“తెలిసి కూడా అప్పీలు నాచేతే ఎందుకు రాయించారండీ?” అన్నాను.

ఆయన నావంక వింతగా చూశాడు, బడిలో నేను తెలివితక్కువ ప్రశ్న అడిగితే చూసినట్టు.

“ఊళ్లో ఇంకెవరికి వచ్చురా రాయటం? అంతమందికి నేర్పితే నీకొక్కడికే గదా అబ్బింది.”

ఇప్పుడు నాకు ఆనాటి ఆయన కంటే వయసెక్కువ. సంఘం వాళ్లు ఏటా పిలిచి శాలువా కప్పుతారు, తొలి సమ్మెలో బలైనవాడు అంటారు. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి గుండ్రటి అక్షరాలూ, వాడి రూలు నంబర్లూ. శాలువా కప్పుకుని, నవ్వు కనబడకుండా తల వంచుకుంటాను. నేను వినయంతో తల వంచుకున్నానని వాళ్లు అనుకుంటారు.