ఆ గదిలో అప్పని మాట్లాడనివ్వలేదు

మా ఊళ్ళో నన్ను మెచ్చుకుంటారు. క్యాన్సర్ వచ్చిన అక్కని, మా మాటలో అప్పని, బతికించి తెచ్చుకున్న తమ్ముడినని. డాక్టర్లని మాత్రం తిడతారు. ఐదుగురు ఒక గదిలో కూర్చుని, ఎవరి మాట నెగ్గాలా అని దెబ్బలాడుకుంటూ రెండు నెలలు పాడుచేశారని, అందుకే అప్పకి సగం పైదవడ పోయిందని. ఆ కథ పుట్టించింది నేనే. మూడేళ్ళుగా ఆ మెప్పు తింటూ నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను. నచ్చనివాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు.

అప్ప నాకంటే పదేళ్ళు పెద్దది. తెల్లారి పడవలు ఒడ్డుకొచ్చాక చేపలు ఎత్తుకుని నరసన్నపేట బజారుకి వెళ్ళి అమ్ముకునేది. మా ఆడవాళ్ళలో చాలామందిలాగే తనకీ అడ్డపొగ అలవాటు. అంటే, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. ఏళ్ళ తరబడి ఆ సెగ తగిలిన చోటే, అంగిట్లో, పుండు లేచింది. మానలేదు. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అన్నారు. విశాఖలో ఒక ఆసుపత్రికి పంపారు.

నేను గరివిడిలో ఫర్నేస్ దగ్గర పనిచేస్తాను. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో అందరి తరఫునా మాట్లాడేది నేనే. అది నా బాధ్యత అనుకునేవాణ్ణి. నిజానికి అది నా గర్వం.

ఒక మంగళవారం మమ్మల్ని అక్కడ ఒక గదిలోకి పిలిచారు. గోడమీద తెరపై అప్ప స్కాన్ ఉంది. ఆపరేషన్ చేసే డాక్టరు, కరెంటు పెట్టే, అంటే రేడియేషన్ ఇచ్చే, డాక్టరమ్మ, మందులు ఎక్కించే ఆయన, స్కాన్ చదివే ఆయన, చివర్లో ఒక పళ్ళ డాక్టరు. అందరూ ఒక్క అప్ప కోసమే కూర్చున్నారు.

"చుట్ట అలవాటుందా?" అని ఆపరేషన్ డాక్టరు అడిగారు.

"లేదండి" అన్నాను నేను. వాళ్ళ ముందు అడ్డపొగ అని చెప్పడానికి సిగ్గేసింది.

"ఒరే, అబద్దమెందుకాడతావు?" అంది అప్ప. "కాలుస్తాను బాబూ. మా అమ్మా కాల్సీది. సముద్రం గాలికి ఆరిపోద్దని నిప్పు లోపలెట్టుకుంటాం."

డాక్టరమ్మ నవ్వి, "నీలా నిజం చెప్పేవాళ్ళుంటే మా పని సగం అయిపోతుందమ్మా" అంది.

తర్వాత వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. అంగిట్లో కొంతమేర తీసేస్తే సరిపోతుందన్నారు ఆపరేషన్ డాక్టరు. ఎముక దగ్గర ఒకచోట అనుమానంగా ఉంది, ఇంకో స్కాన్ చూడందే ఎంతమేర అన్నది చెప్పలేమన్నారు స్కాన్ చదివే ఆయన. కరెంటు అవసరం పడితే ముందు పుచ్చిపళ్ళు తీయించాలంది డాక్టరమ్మ. ఆపరేషన్‌కి ముందే నోటి అచ్చు తీసుకుంటాను, కోసినచోట పడే కన్నం మూసే ప్లేటు అదే రోజు పెట్టాలి, లేకపోతే ఈమె మాట ముక్కులోంచి వస్తుంది, తాగిన నీళ్ళూ ముక్కులోంచే వస్తాయన్నారు పళ్ళ డాక్టరు. గొంతులు కాస్త పెరిగాయి. చివరికి స్కాన్‌కి ఆరు రోజులు గడువు అడిగారు.

అప్పుడు డాక్టరమ్మ అప్ప వైపు తిరిగింది. "నీ నోరమ్మా ఇది. నువ్వేమంటావు?"

అప్ప నోరు తెరిచింది. ఈలోపే నేను అందుకున్నాను. "మా అప్పకి ఆపరేషన్ అంటే భయమండి. ఇష్టం లేదు."

అప్ప నన్ను చూసింది.

బయటికొచ్చాక, "సూసినావా, వీళ్ళలో వీళ్ళకే పడట్లేదు. ఒక్కడికీ తెలీదు" అన్నాను.

"నానేటి సెప్పాలనుకున్నానో నన్ను సెప్పనిచ్చినావేటి?" అంది.

ఆ ఆరు రోజులూ నేను ఆగలేదు. కొత్తవలస అవతల పసరుమందు ఇచ్చేవాడి దగ్గరికి తీసుకెళ్ళాను. అతను ఒక్కడే, ఒక్కటే మాట చెప్పాడు. అదే నాకు నచ్చింది. రెండు నెలలకి అప్ప పన్ను దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది.

మళ్ళీ అదే గదికి వెళ్ళాం. ఎవరూ మమ్మల్ని ఒక్క మాటనలేదు. తెరమీద పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టారు. కొత్తదానిలో ఎముక తినేసి ఉంది. ఈసారి సగం పైదవడ తీయాలి, తర్వాత కరెంటు, దాంతోపాటు మందు. ఈసారి అప్ప నన్ను చేత్తో వెనక్కి నెట్టి తనే చెప్పింది. "కొయ్యండి. బేగి కొయ్యండి. కానీ సేపలు పిలిసి అమ్ముకోవాల. ఆ మాట మాత్తరం ఉంచండి." పళ్ళ డాక్టరు ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఒక్కటే. మా ఫర్నేస్ మరమ్మతుకి దిగాలంటే కరెంటువాళ్ళు, మెకానికల్‌వాళ్ళు, సేఫ్టీవాళ్ళు ముగ్గురూ పర్మిట్ కాగితం మీద సంతకాలు పెట్టాలి. నా కళ్ళముందే వాళ్ళు ఎన్నిసార్లు వాదించుకున్నారో! ఆ వాదన తేలిందాకా నేను మెట్టు ఎక్కను. నా ప్రాణానికి ముగ్గురు కావాలి. అప్ప ప్రాణానికి ఒక్కడు చాలనుకున్నాను.

మొన్న ఒడ్డున మా వీధి పిన్ని కనబడింది. తనకీ అంగిట్లో పుండు. అదే ఆసుపత్రికి వెళ్ళమన్నారట.

"నానెల్లను. ఐదుగురు దెబ్బలాడుకుని మీ అప్పనేటి సేసినారో సూసినాను కదేటి" అంది.

పడవల దగ్గర ఇరవైమంది ఉన్నారు. నేను అందరికీ వినబడేలా చెప్పాను. వాళ్ళడిగింది ఆరు రోజులని. రెండు నెలలూ నావేనని. అప్ప భయపడలేదని, ఆ మాట నేనే అన్నానని. "ఇన్నాళ్ళూ మమ్మల్ని ఎర్రోళ్ళని సేసినావేటిరా?" అన్నాడు ఎవడో. అవునన్నాను.

అప్ప చేపల బుట్ట దించింది. నోట్లోంచి ప్లేటు తీసి అరచేతిలో పెట్టుకుని పిన్నికి తన నోరు చూపించింది. ఏదో అంది, ఒక్క ముక్కా అర్థం కాలేదు. మళ్ళీ ప్లేటు పెట్టుకుంది.

"ఇప్పుడినబడతందా? మొదట్లో ఎల్లుంటే కన్నం ఇందులో సగమైనా ఉండీది కాదు. ఈడు తిప్పడంవల్ల ఇంతయ్యింది."

"మరి మూడేళ్ళు నువ్వెందుకు సెప్పలేదప్పా?" అని అడిగాను.

"నా మాట నువ్వాడేసినావు. నీ మాట నానెందుకాడాలిరా?"

పిన్ని చాలాసేపు ఆ ప్లేటు గురించే అడిగింది. చివరికి, "అయితే నువ్వు తోడొస్తావేటి నాయనా?" అంది నాతో.

"నానొస్తాను" అంది అప్ప. "ఈడొస్తే బయట బెంచీ మీద కూకుంటాడు."

మంగళవారం ఆ గది బయట బెంచీ మీదే కూర్చున్నాను. తలుపు పూర్తిగా పడలేదు. లోపల ఎవరో ఏదో అడిగారు. అప్ప గొంతు మొదలై ఆగిపోయింది. తర్వాత పిన్ని గొంతు: "ఆగండి బాబూ, నాను సెప్తాను."