కోసేసిన పడమర

మా వదిన వాతావరణ కేంద్రంలో ఉపగ్రహ చిత్రాలు చదువుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే కిటికీ లేని గది, అదే ఒక పక్కకి ఒరిగే కుర్చీ. తుఫాను బొమ్మ చూపిస్తే అందరి కళ్లూ నడిమధ్య సుడి మీదికి పోతాయి. ఆవిడ కళ్లు మాత్రం అంచులు వెతుకుతాయి. పడమటి నుంచి పాకి వచ్చే పొడిగాలి బొమ్మలో నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు తెల్లటి సుడిలోకి దూరిందా, ఎంత మొనగాడు తుఫానైనా నీరసపడాల్సిందే. ఎప్పుడు దూరుతుందో, ఎప్పుడు దూరదో తేల్చాలని నలభై ఒక్క తుఫాన్ల పాత చిత్రాలు ముందేసుకుంది. అది తేలితే ఊళ్లు ఖాళీ చేయించాలో వద్దో ఒకరోజు ముందే చెప్పొచ్చట.

తీరా ఫైళ్లు తెరిస్తే, ముప్ఫై మూడింటిలో పడమరే లేదు.

చిత్రాలు భద్రపరిచే ఆయన్ని పిలిచింది. "తమ్ముడూ, ఈ పక్కదంతా ఏమైందయ్యా?"

"చోటు చాలక కోసేశానక్కా. అక్కడేముంది, ఖాళీయే కదా. తుఫాను మాత్రం పొల్లు పోకుండా ఉంది చూడండి."

"నాక్కావలసింది ఆ ఖాళీయే నాయనా."

"తుఫాన్లు జాగ్రత్త చెయ్యమని రాసిచ్చింది మీరే."

నిజమే, కాగితం మీద ఆవిడ సంతకమే ఉంది. ఎవర్ని తిట్టాలో తెలియక రెండు రోజులు మా అన్నయ్యని తిట్టింది.

పై అధికారి దగ్గరికి వెళ్తే ఆయన నవ్వాడు. "వెళ్లిపోయిన తుఫాను చుట్టూ ఏముందో ఇప్పుడెందుకమ్మా?"

"చంపిందెవరో తెలియాలంటే శవాన్ని దాచుకుంటే చాలదు సార్."

"రాసివ్వండి, చూద్దాం."

అప్పటికే మూడుసార్లు రాసిచ్చింది.

మొన్న బుధవారం సముద్రంలో కొత్తది పుట్టింది. పడమట నల్లటి నాలుక సిద్ధంగా ఉంది. ఈసారి మొత్తం ఉంచమని అడిగితే, "ఉంచుతానక్కా, కానీ పాతవాటిలో ఒకటి తీసెయ్యాలి. దానికి సార్ సంతకం కావాలి" అన్నాడు తమ్ముడు. సార్ సెలవులో ఉన్నాడు, సోమవారం గానీ రాడు. తుఫాను శనివారమే తీరం దాటుతుంది.

వదిన ఇంటికొచ్చి, కూతురి పెళ్లి వీడియోలున్న హార్డ్ డిస్క్ బయటికి తీసింది. అరగంటకొక చిత్రం చొప్పున తనే దించుకుంటుందట. భోజనాల భాగం చెరిపేసింది, ఊరేగింపు చెరిపేసింది.

"అన్నయ్యకి చెప్పావా?" అన్నాను.

"ఆయనున్న ముక్క ఉంచాన్లే" అంది, తల తిప్పకుండా.